టైపు చేస్తే చురుకు, ఫోనెత్తితే మౌనం: ఒక ఇంజినీరింగ్ విద్యార్థి కేస్ స్టడీ

2024 ఆగస్టులో ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అబ్బాయికి 20 ఏళ్లు, బీటెక్ చివరి ఏడాది. కాలేజీలో ప్లేస్‌మెంట్లు మొదలయ్యాయి. రాత పరీక్షలో, కోడింగ్ పరీక్షలో సులువుగా నెగ్గుతున్నాడు. గ్రూప్ డిస్కషన్‌కు వచ్చేసరికి నోరు విప్పకుండా కూర్చుని లేచి వచ్చేస్తున్నాడు. రెండు కంపెనీలు అలాగే చేజారాయి. మూడో కంపెనీ వచ్చిన రోజు కడుపు నొప్పి అని హాస్టల్ గదిలోనే పడుకున్నాడు. ఆ సంగతి తెలిసి తండ్రి ఊరి నుంచి బయల్దేరి వచ్చారు.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌ను. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈ కేసును అబ్బాయి అనుమతితో, అతన్ని గుర్తుపట్టగల వివరాలు మార్చి రాస్తున్నాను. ‘సోషల్ మీడియా వచ్చాక పిల్లలకు మాట్లాడటం చేతకావడం లేదు’ అన్న ఫిర్యాదు తల్లిదండ్రుల నుంచి, అధ్యాపకుల నుంచి తరచూ వింటున్నాను. ఈ కేసులో ఆ ఫిర్యాదు సగమే నిజమని తేలింది. మిగతా సగం ఎక్కడుందో వెతకకుండా ఫోను లాక్కుని ఉంటే ఈ అబ్బాయికి ఉన్న ఒక్క ఆసరా కూడా పోయేదని నా నమ్మకం.

ఫిర్యాదు

తండ్రి మాటల్లో: ‘ఇరవై నాలుగు గంటలూ ఫోనే మేడమ్. ఎదురుగా మనిషి ఉంటే తల ఎత్తడు. అది లాగేసుకుంటే గానీ దారికి రాడు. మీరు చెబితే వింటాడని తీసుకొచ్చాను.’

ఆయన మాట్లాడుతున్నంతసేపూ అబ్బాయి బల్ల అంచు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏ ప్రశ్న అడిగినా ముందు తండ్రి వైపు చూస్తున్నాడు, ఆ లోపు తండ్రే జవాబు చెప్పేస్తున్నారు. ఆయనను కాసేపు బయట కూర్చోమన్నాను. చాలాసేపటి తర్వాత అబ్బాయి తనంతట తాను అన్న మొదటి మాట ఇది: ‘మాటలు రాక కాదు మేడమ్. వస్తాయి. నాకు వచ్చేసరికి వేరేవాళ్లు మాట్లాడేస్తారు.’

తర్వాత నెలల్లో చేసిన పని అంతా ఈ వాక్యం చుట్టూనే తిరిగింది.

నేపథ్యం

తండ్రికి చిన్న పట్టణంలో వ్యవసాయ మోటార్లు బాగుచేసే షాపు ఉంది. తల్లి ఇంట్లో బట్టలు కుడతారు. అమ్మమ్మ పక్క ఊళ్లో ఉంటుంది. చిన్నప్పుడు వీధిలో అందరితో ఆడుకున్నాడు, బడిలో నాటకం వేశాడు, షాపుకు వచ్చే రైతులతో కబుర్లు చెప్పేవాడు. మాటకారి అని ఇంట్లో పేరు కూడా ఉంది.

2019లో పదో తరగతి అయ్యాక ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేర్పించారు. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్లీ స్టడీ అవర్. మధ్యలో పక్కవాడితో మాట్లాడితే నిలబెడతారు. ఇంటికి వారానికోసారి, వరుసలో నిలబడి, వెనకవాడు తొందరపెడుతుంటే కొద్ది నిమిషాలు ఫోను. ఆ ఏడాది పూర్తవుతుండగానే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రెండో ఏడాది మొత్తం ఇంట్లో, తరగతుల కోసం కొన్న కొత్త ఫోనులో గడిచింది. మైకు మ్యూట్‌లో పెట్టుకోమని లెక్చరర్లే చెప్పేవారు. అడగదలచుకున్నది చాట్‌లో రాయాలి. 2021లో ఇంటర్ పరీక్షలు కూడా రద్దయ్యాయి. ఆ ఏడాది చివర్లో బీటెక్ తరగతి గదిలో అడుగుపెట్టేసరికి కొత్తవాళ్లతో ముఖాముఖి మాట్లాడి అతనికి రెండేళ్లు దాటింది.

పదిహేను నుంచి పద్దెనిమిది ఏళ్ల మధ్య పిల్లలు ఇంటి బయట మాట్లాడటం నేర్చుకుంటారు. పరిచయం లేనివాళ్లను పలకరించడం, నలుగురిలో మాట కలపడం, వాదించి రాజీపడటం ఆ వయసులోనే వస్తాయి. ఈ అబ్బాయికి ఆ కాలంలో మొదటి సగం మాట్లాడటం నిషేధం, రెండో సగం మ్యూట్. మాట అప్పటికే కరువైన జీవితంలోకి ఫోను వచ్చింది. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ల సంగతి వదిలేసి అంతా ఇన్‌స్టాగ్రామ్ మీదికి నెట్టేయడం మన ఇళ్లలో అలవాటైపోయింది. పిల్లాడి నోరు రెండేళ్లు కట్టేసి ర్యాంకు కొనుక్కున్నది మనమే. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

సోషల్ మీడియాలో అతను వేరే మనిషి. స్నేహితుడితో కలిసి క్రికెట్ మీద మీమ్స్ పేజీ నడుపుతున్నాడు, కాలేజీలో ఆ పేజీకి మంచి పేరు. క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు స్పందించేది అతనే. వెక్కిరింపు, సమయస్ఫూర్తి, ఎదుటివారిని నొప్పించని చతురత అన్నీ ఆ చాట్లలో కనిపించాయి. ఫోను రోజుకు ఆరు గంటలకు పైగా వాడుతున్నట్టు అతని ఫోనే లెక్క చెప్పింది. ఆ సమయంలో ఎక్కువ భాగం రీల్స్ చూడటానికి పోతోంది, మిగతాది చాటింగ్. హాస్టల్ గదిలో నలుగురు. నలుగురి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. ఒకే గదిలో పక్క పక్క మంచాల మీద పడుకుని ఒకరికొకరు మీమ్స్ పంపుకుంటారు, నవ్వు మాత్రం పైకి వినిపిస్తుంది.

దగ్గరి నుంచి చూసిన ఒక సాయంత్రం

ప్రాజెక్టు గైడ్‌ను రెండు రోజులు గడువు అడగాల్సి ఉందని అతనే అన్నాడు. ఆ పని నా ముందే చేయమన్నాను, మొదట మెసేజ్‌లో.

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయడం మొదలుపెట్టాడు. ‘సార్, గుడ్ ఈవినింగ్’ అని రాసి ఆగాడు. చెరిపాడు. ‘నమస్తే సార్’ అన్నాడు. అదీ చెరిపి మళ్లీ మొదటిదే రాశాడు. మూడు వాక్యాలు పూర్తయ్యాక స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుడికి పంపాడు: ‘ఇలా పంపనా?’ అతను ఒక మాట మార్చమన్నాడు. మార్చాడు. పంపబోయి, గైడ్ ఆన్‌లైన్‌లో ఉన్నారని గమనించి, ఆయన ఆఫ్‌లైన్‌కు వెళ్లేదాకా ఆగాడు. చూసిన వెంటనే జవాబు వస్తే తను మళ్లీ వెంటనే రాయాల్సి వస్తుందట. పావుగంట పట్టింది. మెసేజ్ మాత్రం నిజంగా బాగుంది. మర్యాదగా, క్లుప్తంగా, అడగాల్సింది అడిగింది.

పంపే ముందు ఆపి, ఇదే విషయం ఫోను చేసి చెప్పమన్నాను. ముఖం వాడిపోయింది. నోట్స్ తెరిచి మాట్లాడబోయేది మొత్తం రాసుకున్నాడు. డయల్ చేశాడు. గైడ్ ‘చెప్పు’ అన్నారు. మొదటి వాక్యం చదివేశాడు. అటు నుంచి ‘ఎందుకు ఆలస్యమైంది? మీ బ్యాచ్‌లో మిగతావాళ్లు ఏం చేస్తున్నారు?’ అన్న ప్రశ్న వచ్చింది. అది నోట్స్‌లో లేదు. అబ్బాయి వేలు తెర మీద పైకీ కిందికీ కదిలింది, ఆ జవాబు ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతుకుతున్నట్టు. కొన్ని సెకన్ల తర్వాత ‘సరే సార్’ అని పెట్టేశాడు. గడువు అడగనేలేదు. నేను ఏదో అనేలోపే గైడ్‌కు మెసేజ్ వెళ్లిపోయింది: ‘సారీ సార్, సిగ్నల్ పోయింది.’ దాని కిందే ఆ మూడు వాక్యాలు.

తడబాటు ఎవరికైనా సహజమే. నన్ను ఆలోచింపజేసింది ఆ చివరి మెసేజ్. మాటలో చిక్కుకున్న ప్రతిసారీ రాతలోకి దూరి బయటపడే దారి అతని చేతిలోనే ఉంది. ఆ దారి ఉన్నంతకాలం చిక్కుకున్న చోటే నిలబడి తేరుకోవడం నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఏమిటి కాదో తేల్చుకోవడం

నత్తి లేదు. వినికిడి పరీక్ష చేయించాం, మామూలుగానే ఉంది. ఇయర్‌ఫోన్ల వాడకం అంత ఉన్నప్పుడు ఈ పరీక్ష దాటవేయకూడదని నా అభిప్రాయం. బాల్యం వివరాలు చూస్తే ఆటిజం అనుమానానికి ఆధారం కనిపించలేదు. కుంగుబాటు లక్షణాలు స్వల్పం, ప్లేస్‌మెంట్ల తర్వాత మొదలైనవే.

తండ్రి అడిగిన ‘ఫోను వ్యసనం’ సంగతి కూడా శ్రద్ధగా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ రుగ్మత ఉంది, సోషల్ మీడియా వ్యసనం పేరుతో విడిగా రుగ్మత లేదు. పేరు ఉన్నా లేకపోయినా వాడకం అదుపు తప్పిందా అన్నది చూడాలి. ఈ అబ్బాయి సెమిస్టర్ పరీక్షల ముందు యాప్‌లు తీసేసి వారాల తరబడి ఉండగలిగాడు, చిరాకు పడలేదు, నిద్ర చెడలేదు. అదుపు పూర్తిగా తప్పినవారి కోసం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. ఇతన్ని అక్కడికి పంపాల్సిన అవసరం కనిపించలేదు.

స్పిన్ అనే ప్రశ్నావళి ఇచ్చాను. 17 అంశాలు, గరిష్ఠ స్కోరు 68, 19 దాటితే సామాజిక ఆందోళన ఉండవచ్చని భావిస్తాం. అతనిది మధ్యస్థ తీవ్రతలో వచ్చింది. నలుగురిలో మాట్లాడితే నవ్వుతారన్న భయం, దాని వల్ల తప్పించుకోవడం, ఆరు నెలలకు మించి కొనసాగడం, చదువు, ఉద్యోగం మీద ప్రభావం అన్నీ ఉన్నాయి. సామాజిక ఆందోళన రుగ్మత అని నిర్ధారించుకుని మానసిక వైద్యుడి సలహా తీసుకున్నాం. ప్రస్తుతానికి మందులు లేకుండా చూద్దామని ఆయన అన్నారు.

నా అంచనా

‘నాకు వచ్చేసరికి వేరేవాళ్లు మాట్లాడేస్తారు’ అన్న మాటకు ఒక కొలత ఉంది. 2009లో పరిశోధకులు పది భాషల్లో సంభాషణలను పోల్చి చూశారు. ఒకరు ఆపిన తర్వాత ఇంకొకరు అందుకోవడానికి సగటున పట్టే వ్యవధి దాదాపు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. కానీ ఒక్క మాటను మనసులో సిద్ధం చేసుకుని పలకడానికే అర సెకనుకు పైగా పడుతుంది. అంటే మనం ఎదుటివారి మాట పూర్తికాకముందే, వింటూనే, మన మాట పేర్చుకుంటున్నాం. సగం పేర్చిన వాక్యంతోనే మొదలుపెట్టి దారిలో సరిచేసుకుంటాం. ‘అంటే’, ‘అదే’, ‘ఒక్క నిమిషం’ లాంటి మాటలు ఆ సర్దుబాటు కోసమే.

చాట్‌లో ఈ ఒత్తిడి లేదు. రాసి, చెరిపి, నచ్చాకే పంపవచ్చు. 1996లోనే కమ్యూనికేషన్ పరిశోధకుడు జోసెఫ్ వాల్తర్ ఈ సంగతి గమనించి రాశారు: రాతలో పలకరించుకునేవారు తమలోని మేలైన రూపాన్ని ఎంచి చూపగలుగుతారు, అందుకే కొన్ని స్నేహాలు ముఖాముఖి కంటే అక్కడే గాఢంగా కుదురుతాయి. ఈ అబ్బాయికి జరిగింది అదే. రాతలో మెరుగులు దిద్దిన తన రూపం అతనికే కొలమానం అయిపోయింది. గ్రూప్ డిస్కషన్‌లో కూర్చుని మనసులో వాక్యాన్ని పూర్తిగా దిద్దుకునేదాకా ఆగుతున్నాడు. ఆ లోపు మాట రెండు మలుపులు తిరిగిపోతోంది, అతను దిద్దుకున్నది పాతబడిపోతోంది.

దీనికి తోడు 1995లో మనస్తత్వవేత్తలు క్లార్క్, వెల్స్ వివరించిన చక్రం. ఆందోళన ఉన్నవారి దృష్టి ఎదుటివారి మీద కాక తమ మీదే ఉంటుంది: గొంతు వణుకుతోందా, చెమట కనిపిస్తోందా. భయం తగ్గించుకోవడానికి చిన్న చిన్న రక్షణ అలవాట్లు చేసుకుంటారు. ఇతని అలవాట్లు నోట్స్‌లో రాసుకోవడం, స్నేహితుడికి స్క్రీన్‌షాట్ పంపడం, క్యాంటీన్‌లో ఫోను తీసి చూస్తున్నట్టు నటించడం, కాల్ వస్తే ఎత్తకుండా ‘ఏమిటో మెసేజ్ చేయి’ అనడం. ఇవన్నీ ఆ క్షణానికి ఊపిరి పోస్తాయి, భయాన్ని మాత్రం కరగనివ్వవు.

మరొక లోటు నేను అనుకోని చోట కనిపించింది. అమ్మమ్మతో ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడమన్నప్పుడు ఆవిడ ప్రతి రెండు వాక్యాలకూ ‘ఉన్నావా నాన్నా? వినిపిస్తోందా?’ అని అడుగుతోంది. అబ్బాయి వింటున్నాడు, కానీ ఊకొట్టడం లేదు. మన ఇళ్లలో కథ చెప్పే పెద్దవాళ్లు పిల్లల చేత ఊకొట్టిస్తారు, ఊ ఆగితే కథ ఆగుతుంది. ఆ చిన్న శబ్దమే మాట్లాడేవారిని ముందుకు నడిపిస్తుంది. చాట్‌లో ఆ పని నీలి టిక్కు చేస్తుంది, బొటనవేలి గుర్తు చేస్తుంది. మనం నోరు మెదపనక్కర్లేదు. అదే అలవాటు ఫోనులోకి, ముఖాముఖిలోకి వచ్చేసింది. ఇంటర్వ్యూ చేసేవారికి ఇతను పట్టించుకోనివాడిలా కనిపించడానికి ఇదొక కారణమని నాకు అనిపించింది.

పరిశోధనల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రుల చేతికి వచ్చే కథనాలు చాలావరకు భయపెట్టేవే. 2019లో పరిశోధకులు ఓర్బెన్, ప్రిజిబిల్‌స్కీ అమెరికా, బ్రిటన్‌లలోని మూడు పెద్ద సర్వేలను విశ్లేషించి, కౌమార వయసువారి మానసిక క్షేమంలో ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకం వివరించేది అత్యధికంగా 0.4 శాతమేనని చూపారు. అది సంభాషణా నైపుణ్యాల మీద చేసిన పరిశోధన కాదు, అయినా ‘అంతటికీ ఫోనే కారణం’ అనేవారు చదవదగింది. మరోవైపు 2014లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, కాలిఫోర్నియాలో ఆరో తరగతి పిల్లలు 51 మంది ఐదు రోజులు తెరలు లేని శిబిరంలో గడిపాక, మామూలుగా బడికి వెళ్లిన 54 మంది కంటే ముఖాల్లోని భావాలను గుర్తించడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. తెర లేకపోవడం వల్లా, రోజంతా తోటివారితో కలిసి ఉండటం వల్లా అని ఆ పరిశోధన విడదీసి చెప్పలేదు. నా అనుభవాన్ని బట్టి రెండోదానికే ఎక్కువ విలువ ఇస్తాను. అందుకే చికిత్సలో తీసేయడం కంటే కలపడం మీద దృష్టి పెట్టాను.

చేసిన పని

ముందు తండ్రిని ఒప్పించాల్సి వచ్చింది. ఫోను లాక్కుంటే అతని స్నేహాలు, అతని పేరు, నవ్వించగల తన సామర్థ్యం మీద నమ్మకం అన్నీ ఒక్కసారిగా పోతాయని చెప్పాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. హాస్టల్ గదిలో మాత్రం నలుగురూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు: రాత్రి భోజనానికి వెళ్లి తిరిగి వచ్చేదాకా నలుగురి ఫోన్లూ గదిలోనే. ఈ ఆలోచన అబ్బాయిదే.

భయాన్ని మెట్లుగా విడగొట్టాం. అడుగు మెట్టు వాయిస్ మెసేజ్. మెసేజ్‌గా రాయబోయేదాన్ని గొంతుతో పంపాలి, మొదట ఎన్నిసార్లయినా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. రెండు వారాల తర్వాత నిబంధన మారింది: ఒకే టేకు, తడబడినా పంపేయాలి. వాయిస్ మెసేజ్ రాతకూ మాటకూ మధ్య మంచి వారధి. గొంతు ఉంటుంది, ఎదుటి మనిషి ఎదురుచూపు ఉండదు. అయితే అక్కడే స్థిరపడిపోయే పిల్లలనూ చూశాను, అందుకే గడువు పెట్టి దాటించాలి.

తర్వాత ఫోను కాల్స్, నోట్స్ లేకుండా. బస్టాండు విచారణకు, కొరియర్ ఆఫీసుకు, మెస్ కాంట్రాక్టర్‌కు. ప్రతి కాల్‌కు ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నాడో రాయాలి, తర్వాత ఏం జరిగిందో రాయాలి. ‘విసుక్కుంటారు’ అని రాసిన కాల్స్‌లో చాలావాటికి ఎదురుగా ‘మామూలుగా చెప్పారు’ అని వచ్చింది. ఒకసారి నిజంగానే విసుక్కున్నారు. ఆ రోజు సెషన్ అన్నిటికంటే ఉపయోగపడింది. విసుగు విన్నాక కూడా లైనులో ఉండి అడగాల్సింది అడిగాడు, మెసేజ్‌లోకి పారిపోలేదు.

అమ్మమ్మకు రోజూ కాల్. కథ ఆవిడది, ఊ ఇతనిది. ఆవిడ పొలం గొడవలు, పక్కింటి పెళ్లి, మోకాళ్ల నొప్పి చెబుతుంది. ఫోను పెట్టేశాక ఆవిడ గురించి కొత్తగా తెలిసిన మూడు సంగతులు నాకు చెప్పాలి. తన మీద ఉన్న దృష్టిని ఎదుటి మనిషి మీదికి మళ్లించడానికి ఇంతకంటే మంచి వ్యాయామం నాకు తెలియదు. 2012లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం కూడా ఇక్కడ గుర్తొస్తుంది. పరీక్ష ఒత్తిడిలో ఉన్న బాలికలు తల్లితో ఎదురుగానో ఫోనులోనో మాట్లాడినప్పుడు ఒత్తిడి హార్మోను కార్టిజాల్ తగ్గింది. తల్లితో చాట్ చేసినవారిలో అలా తగ్గలేదు, ఎవరితోనూ మాట్లాడనివారిలాగే ఉండిపోయారు. ఊరట గొంతులో ఉంది.

మీమ్స్‌ను వదులుకోలేదు. అతని పేజీలో ఆ వారం బాగా పేలినదాన్ని ఫోను చూపించకుండా నోటితో చెప్పి నన్ను నవ్వించమన్నాను. నాకు క్రికెట్ అంతంతమాత్రం, కాబట్టి సందర్భం వివరించి, ఉత్కంఠ పెంచి, సరైన చోట ఆగి చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి అన్నీ ఒకేసారి కుమ్మరించాడు. మూడోసారికి ఆ విరామం వచ్చింది. ఆ అబ్బాయికి హాస్యం ఎక్కడ ఆగాలో బాగా తెలుసు. అది చేతివేళ్ల నుంచి నోటికి రావాలి, అంతే.

వీడియో తీసి చూపించడం ఈ రకం ఆందోళనలో బాగా పనిచేస్తుంది. చూసే ముందు ‘గొంతు ఎంత వణికింది?’ అని అడిగితే పదికి తొమ్మిది వేసుకున్నాడు. చూశాక రెండు అన్నాడు. అతన్ని నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే విషయం: ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు తన ముఖంలో ఏ కదలికా లేదు. ‘నేనైతే ఇలాంటివాడితో మాట్లాడను మేడమ్’ అన్నాడు. ఆ రోజు నుంచి తల ఊపడం, ఊకొట్టడం ఎవరూ చెప్పకుండానే మొదలైంది.

గ్రూప్ డిస్కషన్ సాధన ముందు తెలుగులో చేయించాను. అంతకుముందు కాలేజీ వాళ్లు పెట్టిన సాఫ్ట్ స్కిల్స్ తరగతుల్లో ఇంగ్లిష్‌లో ఉపన్యాసాలు ఇప్పించారు. ఇతను బట్టీపట్టి చక్కగా అప్పజెప్పాడు, మంచి మార్కులూ వచ్చాయి, కానీ అప్పజెప్పడం సంభాషణ కాదు. భాష భారం, మాట కలపడం అనే భారం రెండూ ఒకేసారి నెత్తిన పెడితే ఏది ఆపుతోందో తెలియదు. అదే సమస్య ఉన్న మరో నలుగురు విద్యార్థులతో ‘మెస్‌లో ఏం వండాలో ఎవరు నిర్ణయించాలి’ లాంటి అంశాలు ఇచ్చాను. ఒకటే నియమం: పూర్తి వాక్యం సిద్ధం కాకముందే మొదలుపెట్టాలి. ‘నువ్వు అన్నదాంట్లో ఒకటి…’ అని అందుకుంటే చాలు, మిగతాది దారిలో వస్తుంది. తెలుగులో గొడవపడటం వచ్చాక ఇంగ్లిష్‌కు మారాం. మళ్లీ కొంత వెనక్కి వెళ్లాడు, మొదటికి మాత్రం పోలేదు.

ఇక ఇల్లు. తండ్రి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి మూడు ప్రశ్నలు అడుగుతారు: తిన్నావా, చదువుతున్నావా, డబ్బులున్నాయా. మూడు ‘ఆ’లు వస్తాయి, కాల్ ముగుస్తుంది. ప్రశ్నలు మాని షాపులో జరిగింది ఏదైనా చెప్పమన్నాను. ‘వాడికి నా షాపు గోల ఎందుకు మేడమ్?’ అన్నారు. అయినా చేశారు. వోల్టేజీ సరిగ్గా లేక ఎవరిదో మోటారు కాలిపోయి, నాట్ల సమయం కావడంతో రాత్రికి రాత్రే వైండింగ్ చేసిచ్చిన సంగతి చెప్పారు. అటు నుంచి మొదటిసారి ఒక ప్రశ్న వచ్చింది: ‘సింగిల్ ఫేజా, త్రీ ఫేజా నాన్నా?’ ఆ కాల్ చాలాసేపు సాగిందని తండ్రే నాకు ఫోను చేసి చెప్పారు.

ఫలితం

నవంబరులో వచ్చిన ఒక కంపెనీ గ్రూప్ డిస్కషన్‌లో మాట్లాడాడు, తర్వాతి దశకు ఎంపికయ్యాడు. హెచ్ఆర్ ఇంటర్వ్యూలో పోయింది. ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టకుండా ఫోను చేసి చెప్పాడు. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం ఖరారైంది. స్పిన్ స్కోరు 19కి దగ్గరగా దిగింది.

స్క్రీన్ టైమ్ దాదాపు అంతే ఉంది. దీన్ని తోటి కౌన్సెలర్లు గమనించాలని నా కోరిక. వాడిన గంటలు మారకుండానే మాట మెరుగుపడింది. మారింది ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నది: కాల్స్, వాయిస్ మెసేజ్‌లు పెరిగాయి, రీల్స్ కొంత తగ్గాయి. మీమ్స్ పేజీ నడుస్తూనే ఉంది. ఒక్క కేసుతో కార్యకారణ సంబంధం తేల్చలేం. ప్లేస్‌మెంట్ ఒత్తిడి తగ్గడం, నలుగురు కొత్త స్నేహితులు దొరకడం కూడా పనిచేసి ఉంటాయి.

అన్నీ కుదిరాయని చెప్పను. పరిచయం లేని పై అధికారితో ఇంగ్లిష్‌లో ఫోను అంటే ఇప్పటికీ వాయిదా వేస్తాడు. పెద్ద గుంపులో వాదన వేడెక్కితే మళ్లీ మనసులో వాక్యం దిద్దుకోవడం మొదలవుతుంది, ఈసారి ఆ సంగతి తనకే తెలుస్తోంది.

ఉద్యోగంలోకి వెళ్లే ముందు

చివరి సెషన్లలో ఒక కొత్త అపాయం గురించి మాట్లాడుకున్నాం. ఆ సంస్థలో వారంలో సగం రోజులు ఇంటి నుంచి పని. సమావేశాలు వీడియోలో, కెమెరా ఆపేసుకోవచ్చు, మైకు మ్యూట్‌లో ఉంటుంది, చెప్పేది చాట్‌లో రాయవచ్చు. అంటే ఇంటర్ రెండో ఏడాది మళ్లీ జీతంతో సహా ఎదురవుతోంది. అందుకని అతనే ఒక ప్రణాళిక రాసుకున్నాడు: కెమెరా ఆన్‌లో ఉండాలి, ప్రతి సమావేశంలో మొదటి పది నిమిషాల్లో ఒక్కసారైనా, చిన్న ప్రశ్నైనా సరే, గొంతుతో అడగాలి, మేనేజర్‌కు రెండు మెసేజ్‌లలో తేలని విషయం మూడోసారి కాల్‌లో మాట్లాడాలి. ఆందోళన మళ్లీ పెరిగి పనికి వెళ్లబుద్ధి కాకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలని, నేను అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయాలని అనుకున్నాం. ఆ నంబరుకు మెసేజ్ సరిపోతుందా అని అతను అడగలేదు. ఆరు నెలల తర్వాత స్పిన్ మళ్లీ నింపడానికి వస్తానన్నాడు, తేదీ కూడా రాసుకున్నాం.